కోబో టూల్‌బాక్స్ సమీక్ష: కనిగిరి, పొదిలి వైపు కిడ్నీ, ఫ్లోరైడ్ సర్వేలకి ఎంతవరకు పనికొస్తుంది

ముందే తీర్పు చెప్పేస్తే చదివేవాళ్లకి సులువు. సిగ్నల్ వచ్చీ రాని పల్లెల్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య సర్వేకి, జీతమిచ్చి సాఫ్ట్‌వేర్ మనిషిని పెట్టుకోలేని బృందానికి, ఫోన్లోనే ప్రశ్నలడిగి జవాబులు నింపుకునే సాఫ్ట్‌వేర్ కోబో టూల్‌బాక్స్ బాగా సరిపోతుంది. చిన్న సర్వేకి డబ్బు పెట్టక్కర్లేదు. ఫారం తెలుగులో నడుస్తుంది. ఆశా కార్యకర్తకైనా డిగ్రీ కుర్రాడికైనా ఒక పూటలో నేర్పొచ్చు. అయితే సర్వేలో కలిసి పనిచేసే విదేశీ భాగస్వామి పంపిన ఫారాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించి ఊళ్లోకి పంపితే మాత్రం ఏ యాప్ కూడా కాపాడలేదు. అందుకే ఈ సమీక్షలో సగం యాప్ గురించి, సగం ఆ ఫారం గురించి.

మన వైపు ఇలాంటి సర్వేలు కొత్తేం కాదు. నీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకల్నీ పళ్లనీ ఎలా పాడుచేస్తుందో మన దేశంలో మొదట వైద్య పత్రికకెక్కింది నెల్లూరు జిల్లా నుంచే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి రాసిన వ్యాసం అది. అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు) ఊళ్లలో మోకాళ్లు ఒరుసుకునేలా కాళ్లు వంకరపోవడాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. ఇప్పుడు కనిగిరి వైపు కిడ్నీ జబ్బు భయం తోడైంది. దానికి కారణం ఫ్లోరైడేనని రుజువైతే కాలేదు. శ్రీకాకుళం ఉద్దానంలో, శ్రీలంకలో, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో కూడా షుగరూ బీపీ లేనివాళ్ల కిడ్నీలు ఎందుకు చెడుతున్నాయో ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఒక్కో దేశం ఒక్కో పద్ధతిలో కొలిస్తే ఆ అంకెలు పక్కపక్కన పెట్టడానికి పనికిరావు. ఆ చిక్కు తీర్చడానికే డిగ్రీ (DEGREE) అనే ఉమ్మడి ప్రోటోకాల్, అంటే సర్వే చేసే పద్ధతి, 2017లో పత్రికలో వచ్చింది. 18 నుంచి 60 ఏళ్ల పెద్దల్ని యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఒకే ప్రమాణానికి కట్టుబడిన క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేసి, ఒకే ప్రశ్నల వరుస అడగడం దాని సారాంశం. ఇలాంటి ఉమ్మడి ప్రశ్నల వరుస ఫోన్లోకి ఎక్కడానికి కావలసిన బండి కోబో.

దీని పుట్టుకే దేశాల మధ్య సహకారం. 2008 ప్రాంతంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఓపెన్ డేటా కిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదలైంది. దాన్నే ఓడీకే అంటారు. ఆ పునాది మీద హార్వర్డ్ మానవతా సహాయ విభాగంలో కోబో తయారైంది. ఇప్పుడు దాన్ని ఒక లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. రెండూ ఎక్స్ఎల్ఎస్ ఫారం అనే ఒకే పద్ధతి వాడతాయి కాబట్టి కెన్యాలో ఎవరో ఎక్సెల్‌లో రాసుకున్న ఫారం కందుకూరులో కూర్చుని కోబోలోకి ఎక్కించొచ్చు. ఇంట్లో చనిపోయినవాళ్ల మరణ కారణం తెలుసుకోడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 2016 వెర్బల్ అటాప్సీ ప్రశ్నావళి కూడా ఇదే రూపంలో దొరుకుతుంది.

మొదలుపెట్టడం తేలికే. వెబ్‌సైట్లో ఖాతా తెరిచేటప్పుడు సర్వర్ ఎంచుకోమంటుంది, ఒకటి అమెరికాలోది, ఒకటి ఐరోపాది. ఇక్కడ తొందరపడొద్దు. ఒక సర్వర్లో తెరిచిన ఖాతా రెండోదానిలో ఉండదు, తర్వాత మార్చుకోవాలంటే తలనొప్పి. నైతిక సంఘానికి (ఎథిక్స్ కమిటీకి) ఇచ్చే దరఖాస్తులో డేటా ఏ దేశంలో ఉంటుందో రాయాలి కాబట్టి, భాగస్వాములతో మాట్లాడుకుని ముందే తేల్చుకోవాలి. తర్వాత కొత్త ప్రాజెక్టు తెరిచి, ఎక్సెల్ ఫైలు ఎక్కించి, ఫారాన్ని వాడకానికి వదిలే డిప్లాయ్ నొక్కాలి. ఫోన్లో ప్లే స్టోర్ నుంచి కోబోకలెక్ట్ దించుకుని, సర్వర్ చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి, డౌన్‌లోడ్ ఫారం నొక్కితే ఫారం వచ్చేస్తుంది. అక్కడి నుంచి నెట్ అక్కర్లేదు. సాయంత్రం పీహెచ్‌సీకో మండల కేంద్రానికో వచ్చాక రెడీ టు సెండ్ లోకి వెళ్లి పంపిస్తే చాలు. ఐఫోనుకి ఈ యాప్ లేదు. బ్రౌజర్లో నడిచే ఎంకెటో ఫారంతో సర్దుకోవాలి, అది ఫీల్డ్ పనికి అంత నమ్మకమైంది కాదు.

ఫారాన్ని వెబ్‌సైట్లోనే లాగి పడేసి కూడా తయారుచేయొచ్చు గానీ, వంద ప్రశ్నలు దాటితే ఎక్సెలే నయం. సర్వే, ఛాయిసెస్, సెట్టింగ్స్ అని మూడు షీట్లు ఉంటాయి. సర్వే షీట్లో టైప్ (ప్రశ్న రకం), నేమ్ (లోపలి కోడు), లేబుల్ (తెర మీద కనిపించే ప్రశ్న) అనే మూడు నిలువు వరుసలు తప్పనిసరి. నేమ్ కాలమ్‌లో ఇంగ్లిషు చిన్నబడి అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు మాత్రమే వాడండి. తెలుగు, ఇంగ్లిషు రెండూ కావాలంటే లేబుల్ కాలమ్ రెండుసార్లు పెట్టి భాష పేరు, కోడు జోడించాలి. హింట్‌కీ (ప్రశ్న కింద వచ్చే సూచన), కన్‌స్ట్రెయింట్ మెసేజికీ కూడా అలాగే. వాటిని మర్చిపోతే ప్రశ్న తెలుగులో, తప్పు చూపించే మాట ఇంగ్లిషులో వచ్చి సర్వేయరు బిక్కమొహం వేస్తారు. సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ భాష తెలుగుగా పెట్టకపోతే ఫోన్ తెరిచిన ప్రతిసారీ భాష మార్చుకోవాల్సి వస్తుంది. అదే షీట్లో ఇన్‌స్టెన్స్ నేమ్ అనే చోట ఊరి కోడు, ఇంటి నంబరు కలిపి వచ్చేలా సూత్రం రాసుకోండి. లేకపోతే ఫోన్లో నలభై ఫారాలు ఒకే పేరుతో కనిపించి, సగంలో ఆగిపోయినది ఏ ఇంటిదో ఎవరికీ అంతుపట్టదు.

ఇక అసలు సంగతి, ప్రశ్నలు. విదేశీ ఫారాల్లో మామూలుగా ఉండే ప్రశ్న "మీరు ప్రధానంగా తాగే నీళ్లు ఎక్కడివి?" కనిగిరి పల్లెలో దీనికి ఒక్క జవాబు ఉండదు. ఇంట్లో తాగేది ప్లాంటు నుంచి తెచ్చుకునే ఇరవై లీటర్ల క్యాను. అన్నం, పప్పు వండేది బోరు నీళ్లతో. పొలంలో దాహమేస్తే పక్క చేను మోటారు దగ్గర దోసిలి పట్టడమే. కుళాయి వచ్చినప్పుడు సాగర్ నీళ్లు. ఒక్క ప్రశ్నకి అందరూ "క్యాను" అని చెప్తే ఫ్లోరైడ్ అసలే లేనట్టు లెక్క తేలుతుంది. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో చిక్కబడుతుంది. కాబట్టి తాగడం, వండటం, పని దగ్గర అని మూడు ప్రశ్నలుగా విడదీయాలి. నాలుగోది కూడా కావాలి: క్యాను నీళ్లు ఎప్పటి నుంచి? ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ నిన్న మొన్నటిది కాదు గదా.

ఆడవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. పళ్లకి గార పట్టేది పంటి మీది ఎనామెల్ పొర తయారయ్యే వయసులో, సుమారు ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లను బట్టి. కావలి వైపు పుట్టి పొదిలి పక్క పల్లెకి కోడలిగా వచ్చినావిడ పళ్లు తెల్లగానే ఉంటాయి, ఆ ఊరి నీళ్లు బాగున్నాయని కాదు. పుట్టినూరు, పెళ్లై వచ్చిన ఏడాది ఈ రెండూ అడగని ఫారం ఇక్కడ సగం జనాభాని తప్పుగా కొలుస్తుంది. బయటి ఫారాల్లో "ఈ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారు" అని ఒకటి ఉంటుంది, దాంతో పని జరగదు.

రోజుకి ఎన్ని లీటర్లు తాగుతారంటే చెప్పగలిగేవాళ్లు తక్కువ. చెంబు, స్టీలు గ్లాసు, లీటరు బాటిల్ ఫోటోలు ఛాయిసెస్ షీట్లోనే మీడియా ఇమేజ్ కాలమ్ ద్వారా పెట్టొచ్చు, ఫోన్లో బొమ్మలుగా వస్తాయి. అయితే చెంబు ఇంటికో సైజు. కొలజాడీ ఒకటి సంచిలో పెట్టుకుని, వాళ్ల చెంబుతోనే నీళ్లు పోయించి మిల్లీలీటర్లు రాయడమే సరైన దారి. కాస్త ఆలస్యమవుతుంది, అయినా ఈ ఒక్క ప్రశ్న కిడ్నీ సర్వేకి ప్రాణం.

నొప్పి మందుల ప్రశ్న కూడా అంతే. కిడ్నీ సర్వేలో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లల వాడకం తెలియాలి. మందు పేరు ఎవరికీ గుర్తుండదు. ఆర్‌ఎంపీ డాక్టరు పొట్లం కట్టి ఇచ్చిన రంగు బిళ్లలు, నడుంనొప్పికి పొడిచిన సూది అంతే తెలుసు. "నొప్పులకి బిళ్లలేమైనా వాడుతున్నారా అమ్మా, ఉంటే చూపిస్తారా" అని అడిగి, స్ట్రిప్పు ఫోటో తీసుకునేలా ఇమేజ్ ప్రశ్న పెట్టండి. పెరామీటర్స్ కాలమ్‌లో మ్యాక్స్ పిక్సెల్స్ 1024 అని రాస్తే ఫోటో చిన్నదై ఉచిత ఖాతాలో చోటు మిగులుతుంది, సాయంత్రం అప్‌లోడ్ కూడా త్వరగా అవుతుంది.

పని గురించిన జాబితా మధ్య అమెరికా ఫారాల్లో చెరకు కోతతో మొదలవుతుంది. ఎండలో ఒళ్లొంచే పని కిడ్నీని దెబ్బతీస్తుందా అన్నది అక్కడి ముఖ్యమైన అనుమానం. మన జాబితాలో పొగాకు బ్యారన్ కాల్పు, చీమకుర్తి గ్రానైటు క్వారీ, జామాయిలు కొట్టుడు, మిరప కోత, రొయ్యల చెరువు కాపలా రావాలి. బ్యారన్ దగ్గర పొయ్యి మండించేవాళ్లు రాత్రంతా వేడిలో ఉంటారు, కాబట్టి "పగలు ఎండలో ఎన్ని గంటలు" అన్న ప్రశ్న వాళ్లని పట్టుకోలేదు. వేడిలో ఎన్ని గంటలు అని అడగాలి. ఈ మార్పులన్నీ భాగస్వామికి చెప్పకుండా చేయకూడదు. ఉమ్మడి ప్రశ్నల నేమ్ కోడ్‌లు అలాగే ఉంచి, మన అదనపు ప్రశ్నలకి వేరే ముందు అక్షరాలు పెడితే వాళ్ల విశ్లేషణా చెడదు, మన సమాచారమూ పోదు.

పెద్దవాళ్ల వయసు ఇంకో గండం. ఆధార్ కార్డు మీద జనవరి 1 అని పడిన పుట్టిన తేదీలు ఎన్నో. తేదీ ప్రశ్న పెడితే సర్వేయరు కార్డు చూసి అదే కొట్టేస్తారు. పెద్దవాళ్లకి సంఘటనల పట్టిక వాడాలి: 1970లో జిల్లా ఏర్పడినప్పుడు బడికి పోతున్నారా? 1983లో ఎన్టీఆర్ గెలిచినప్పటికి పెళ్లయిందా? 1984 నవంబరు తుపానుకి పిల్లలున్నారా? నెల్లూరు వైపైతే 1992 నాటి దూబగుంట సారా ఉద్యమం ఆడవాళ్లకి బాగా గుర్తు. ఇవన్నీ హింట్‌లో పెట్టేయొచ్చు. ఆధార్ నంబరు మాత్రం తీసుకోవద్దు, ఆ సమాచారంతో పరిశోధనకి పనే లేదు.

కోబోలో అందరూ మెచ్చుకునేది కన్‌స్ట్రెయింట్, అంటే హద్దు. సర్వేల్ని ఎక్కువగా చెడగొట్టేదీ అదే. కింది బీపీ పై బీపీ కన్నా తక్కువ ఉండాలన్న హద్దు పెట్టడం మంచిదే. క్రియాటినిన్ 5 దాటకూడదని పెడితే మాత్రం, నిజంగా 11 వచ్చిన మనిషి దగ్గర ఫోన్ ముందుకి కదలదు. వెనక ఇంకా పది ఇళ్లుంటాయి. సర్వేయరు 1.1 కొట్టి పోతారు. జబ్బు ఉన్నవాళ్లే డేటాలోంచి మాయమవుతారు. హద్దు అసాధ్యమైన అంకెకి మాత్రమే పెట్టాలి. అరుదైన అంకెకి "ఈ విలువ నిజమేనా, రిపోర్టు మళ్లీ చూశారా" అని అడిగే చిన్న ప్రశ్న, అవసరమైనప్పుడే ప్రశ్న కనిపించేలా చేసే రిలవెంట్ కాలమ్‌తో తగిలిస్తే చాలు. "తెలియదు"కి 99 అని అంకెల గడిలో రాయించే పాత అలవాటు కూడా మానాలి. సగటు తీసేటప్పుడు ఎవరో ఒకరు దాన్ని తీసేయడం మర్చిపోతారు. తెలియదు అన్నదానికి వేరే గడి పెట్టండి.

కొలమానాల దగ్గర రెండు దేశాలు ఢీకొంటాయి. నెల్లూరు ల్యాబ్ క్రియాటినిన్‌ని డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తుంది. లండన్ భాగస్వామి లీటరుకి మైక్రోమోల్స్‌లో చూస్తారు. మొదటిదాన్ని 88.4తో గుణిస్తే రెండోది వస్తుంది. గ్లూకోజుకైతే మిల్లీగ్రాముల్ని 18తో భాగించాలి. ప్రశ్న పేరులోనే కొలమానం ఇరికించడం ఉత్తమం. ఇంకా ముఖ్యమైంది, ల్యాబ్ వాడే పద్ధతి. క్రియాటినిన్ కొలిచే పాత జాఫే పద్ధతికీ ఎంజైమ్ పద్ధతికీ ఫలితాల్లో తేడా వస్తుంది. ఐడీఎంఎస్ అనే అంతర్జాతీయ ప్రమాణానికి సరిచేసిన పరీక్షేనా అని ల్యాబ్‌ని అడిగి ఫారంలో ఒక గడిలో రాసుకోండి. లేకపోతే కనిగిరి అంకెలు ఉద్దానంతో పోల్చేందుకే పనికిరావు. కిడ్నీ వడపోత రేటును ఫోన్లోనే లెక్కగట్టే సూత్రం కోబోలో రాయొచ్చు. రాయకండి. గుమ్మంలో నిలబడి ఆ అంకె చదివి వినిపిస్తే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. పైగా ఒక్క పరీక్షతో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బని అనకూడదు, మూడు నెలలు దాటాక మళ్లీ చూడాలి.

నమూనాల ట్యూబులకి బార్‌కోడ్ ప్రశ్న బాగా పనిచేస్తుంది, ఫోన్ కెమెరాతోనే చదువుతుంది. మామూలు స్టిక్కర్లు ఐస్ పెట్టెలో చెమ్మకి ఊడిపోతాయి. చలిని తట్టుకునే లేబుళ్లే కొనాలి. లేబుల్ ట్యూబు పొడుగునా నిలువుగా అంటించాలి, చుట్టూ తిప్పితే గీతలు వంగి కెమెరా చదవదు. అదే కోడు రెండుసార్లు స్కాన్ చేయించి రెండూ ఒకటేనా అని హద్దు పెడితే నమూనాలు తారుమారయ్యే ముప్పు బాగా తగ్గుతుంది. గ్లూకోజుకి బూడిదరంగు మూత ట్యూబు వాడాలి. మామూలు ట్యూబులో రక్తకణాలు గంటగంటకీ చక్కెర తినేస్తాయి, మధ్యాహ్నానికి షుగరు రోగి కూడా మామూలు మనిషిలా కనిపిస్తాడు. ఫ్లోరైడ్ కోసం తెచ్చే నీళ్లు గాజు సీసాలో పట్టకూడదు, ప్లాస్టిక్ బాటిల్లోనే. గాజుతో ఫ్లోరైడ్ కలుస్తుంది. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము వరకు సరే, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5.

ఊళ్ల జాబితా కోసం మండలం ఎంచుకుంటే దాని ఊళ్లే కనిపించేలా ఛాయిస్ ఫిల్టర్ పెట్టొచ్చు. కొత్తపాలేలు, రామాపురాలు మండలానికొకటి ఉంటాయి కాబట్టి పేరుతో కాకుండా కేంద్ర ప్రభుత్వ స్థానిక సంస్థల డైరెక్టరీలో ఉన్న ఊరి కోడుతో పని చేయండి. జిల్లా పేరుని ఆధారంగా పెట్టుకోవడం మరీ ప్రమాదం. 2022 ఏప్రిల్‌లో కందుకూరు నెల్లూరులో కలిసింది, ఆ తర్వాత కూడా గీతలు కదులుతూనే ఉన్నాయి. పాత సర్వేల్లో ప్రకాశం అన్నది, కొత్త సర్వేలో ప్రకాశం అన్నది ఒకే నేల కాదు.

ఫీల్డ్‌లో జరిగే పొరపాట్లు చాలావరకు మూడు రకాలు. ఫారం నింపి డ్రాఫ్ట్‌గా దాచి ఫైనలైజ్ చేయకపోవడం మొదటిది. అది రెడీ టు సెండ్‌లోకి రాదు, ఎన్నిసార్లు పంపినా సర్వర్‌కి చేరదు. రోజూ సాయంత్రం ప్రతి ఫోన్లో డ్రాఫ్ట్స్ సున్నా ఉన్నాయేమో సూపర్‌వైజరు చూడాలి. రెండోది, ఫోన్ నెమ్మదించిందని యాప్ తీసేసి మళ్లీ వేయడం, లేదా స్టోరేజీ క్లియర్ చేయడం. పంపని ఫారాలన్నీ అక్కడితో గల్లంతు, తిరిగి తెచ్చుకునే దారి లేదు. మూడోది జీపీఎస్. రేకుల ఇంట్లో, స్లాబు కింద కూర్చుని లొకేషన్ నొక్కితే చుక్క పక్క వీధిలో పడుతుంది. వాకిట్లోకి వచ్చి నిలబడాలి. నెట్ లేనప్పుడు మొదటి చుక్క దొరకడానికి కాసేపు పడుతుంది, యాప్ ఐదు మీటర్ల లోపు వచ్చేదాకా ఆగుతుంది. మధ్యలో ఆపేయొద్దని చెప్పండి.

సర్వే నడుస్తుండగా ప్రశ్న మార్చాల్సి వస్తే లేబుల్ మార్చండి, నేమ్ ముట్టుకోవద్దు. నేమ్ మారితే పాత జవాబులు ఒక కాలమ్‌లో, కొత్తవి ఇంకో కాలమ్‌లో పడతాయి. మార్చి రీడిప్లాయ్ చేశాక అన్ని ఫోన్లలో కొత్త ఫారం దిగిందా అని చూడాలి, కొందరు వారం రోజులు పాతదాంతోనే తిరుగుతుంటారు. వెర్షన్ కాలమ్ చూస్తే అది బయటపడుతుంది. ఆడిట్ అనే వరుస ఒకటి సర్వే షీట్లో చేర్చుకుంటే ఏ ప్రశ్న దగ్గర ఎన్ని సెకన్లు ఆగారో నమోదవుతుంది. అరుగు మీద కూర్చుని నింపేసిన ఫారాలు అందులో ఇట్టే దొరికిపోతాయి.

డేటా బయటికి తీసేటప్పుడు కంగారుపడేవాళ్లు చాలామంది. సీఎస్‌వీ ఫైలులో గడుల మధ్య కామా బదులు సెమీకోలన్ ఉంటుంది, ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే అంతా ఒకే కాలమ్‌లో, తెలుగు పిచ్చి గుర్తుల్లో వస్తుంది. ఎక్సెల్ రూపంలోనే దించుకోండి, లేదా డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలుగా తెచ్చుకుని యూటీఎఫ్ 8 ఎంచుకోండి. విశ్లేషణకి ఎక్స్ఎంఎల్ విలువలు (లేబుళ్ల బదులు నేమ్ కోడ్‌లు) అన్న ఎంపికే వాడాలి. తెలుగు లేబుళ్లతో పంపితే అవతలి గణాంకవేత్త చేతులెత్తేస్తారు. తేదీలు కోబోలో ఏడాది, నెల, రోజు వరుసలో ఉంటాయి. మధ్యలో ఎవరి ఎక్సెల్‌లోనో ఒకసారి సేవ్ అయితే మార్చి 4 కాస్తా ఏప్రిల్ 3 అయి కూర్చుంటుంది. అసలు ఫైలుని ఎవరూ తెరవకుండా విడిగా దాచండి.

అనుమతుల సంగతి కోబో చూసుకోదు. విదేశీ సహకారంతో జరిగే ఆరోగ్య పరిశోధనకి రిజిస్టరైన నైతిక సంఘం ఆమోదంతో పాటు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ద్వారా ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కావాలి. నెలలు పట్టే పని, పొగాకు కోతలకీ పండగలకీ ముందే లెక్కేసుకోవాలి. విదేశీ నిధులొస్తే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థకి వచ్చిన ఆ డబ్బు ఇంకో సంస్థకి బదలాయించడానికి వీల్లేదు. ఢిల్లీలో డబ్బు తీసుకుని ఒంగోలు సంస్థకి పంపుతామనే ఒప్పందాలు ఇక్కడే ఆగిపోతాయి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, ఒక ప్రతి వాళ్లకి ఇవ్వాలి. చదువు రానివాళ్లు వేలిముద్ర వేసేటప్పుడు చదువొచ్చిన తటస్థ సాక్షి పక్కనుండాలి, సర్వే బృందంలోని మనిషి సాక్షి కాకూడదు. కోబోలో తెర మీద సంతకం తీసుకునే సౌకర్యం ఉంది గానీ, కాగితం మానేయడానికి అది సరిపోదు.

ఖాతా ఎవరి పేరున ఉందన్నది చాలామంది పట్టించుకోని విషయం. ప్రాజెక్టు యజమాని విదేశీ విశ్వవిద్యాలయం ఖాతా అయితే, గ్రాంటు ముగిసిన నాడు మన బృందానికి తలుపు మూసుకుపోవచ్చు. ప్రాజెక్టు ఇక్కడి సంస్థ ఖాతాలో తెరిచి, వాళ్లకి చూసే అనుమతి మాత్రం ఇవ్వడం మంచిది. అనుమతులు విడివిడిగా ఉంటాయి: చూడటం, చేర్చడం, దిద్దడం, సరిచూడటం, తీసేయడం. సర్వేయర్లకి చేర్చడం ఒక్కటే ఇవ్వండి. పేర్లు, ఫోన్ నంబర్లు, జీపీఎస్ వేరే ఫారంలో పెట్టి, కోడు నంబరుతో కలిపితే బయటికి పంపే ఫైలులో మనుషులెవరో తెలియదు. ఎన్‌క్రిప్షన్ కూడా ఉంది. కానీ ఆ తాళంచెవి ఫైలు పోతే డేటా పోయినట్టే, సర్వర్లో టేబుల్ కూడా ఖాళీగా కనిపిస్తుంది. దాన్ని నడపగలిగే మనిషి ఉంటేనే పెట్టుకోండి.

ఇక పోటీదారులు. రెడ్‌క్యాప్ 2004లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. లాభాపేక్ష లేని సంస్థలకి ఉచితం, అయితే సంస్థ ఒప్పందం చేసుకుని తన సర్వర్లో పెట్టుకోవాలి, ఒక్కరుగా తీసుకోలేరు. ఒకే మనిషిని ఏళ్ల తరబడి మళ్లీమళ్లీ చూడాల్సిన అధ్యయనానికి, మందుల ట్రయల్‌కి అదే సరైనది. ఏ విలువ ఎవరు ఎప్పుడు మార్చారో పూర్తి చరిత్ర ఉంటుంది. ట్రయల్‌కి కోబో వాడతామంటే మేం వద్దనే చెప్తాం. ఓడీకే సెంట్రల్‌ని సొంత సర్వర్లో పెట్టుకోవచ్చు, డేటా దేశం దాటకూడదన్న షరతు ఉంటే అదే దారి. లినక్సు తెలిసినవాళ్లు ఒకరుండాలి, బ్యాకప్‌ల భారం మనదే. గూగుల్ ఫారం ఈ పనికి కాదు, సిగ్నల్ పోతే ఆగిపోతుంది.

కోబో ఉచిత ఖాతాకి నెలకి ఇన్ని ఫారాలు, ఇంత నిల్వ అన్న పరిమితులున్నాయి. అవి మధ్యమధ్యలో మారుతుంటాయి కాబట్టి మొదలుపెట్టే రోజున సైట్లో చూసుకోండి. ఫోటోలెక్కువ తీసే సర్వే అయితే ముందు నిండేది నిల్వే. రెండు మూడు మండలాల సర్వేకి ఫోటోలు చిన్నవి చేసుకుంటే మామూలుగా ఉచిత ఖాతాతో గడిచిపోతుంది. ఫోన్లకి పవర్ బ్యాంకులు, మండలానికో కొలజాడీ, వెనక జాగ్రత్తకి ఇరవై కాగితపు ఫారాలు బడ్జెట్లో రాసుకోండి. పని ముగిశాక ప్రాజెక్టుని ఆర్కైవ్ చేసే ముందు డేటాతో పాటు ఫోటోల ఫైలు, చివరి ఎక్సెల్ ఫారం కూడా దించుకోవాలి. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్ల జాబితా అదే వారం పీహెచ్‌సీ డాక్టరు చేతికి వెళ్లాలి, వ్యాసం అచ్చయ్యేదాకా ఆగకూడదు. అందుకు కావలసిన సమ్మతి మొదటి పత్రంలోనే తీసుకుని ఉండాలి.